పెట్రోలు మోడ్

పిల్లలిద్దరూ దొంగాట ఆడబోతున్నారని మేనమామకు పందేనికి వారం ముందే అనుమానం వచ్చింది.

ఆయనకు అనుమానం రావడం వింతేమీ కాదు లెండి. కంప్యూటర్లు బాగుచేసే మనిషి. సొంత చెల్లెలు టీ ఇచ్చినా వాసన చూసిగానీ తాగడు. కాకపోతే ఈసారి కారణం ఉంది.

ఆ చెల్లెలిది చిన్న బేకరీ. పొయ్యి దగ్గర జారిపడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఏడాదిపాటు ట్రేలు ఎత్తకూడదన్నాడు డాక్టరు. సరిగ్గా అప్పుడే కూతురికీ కొడుక్కీ కార్ల డిజైనింగ్ కాలేజీలో సీట్లొచ్చాయి. ఈ ఏడు చేరకపోతే సీటు పోయినట్టే. ఒకరే వెళ్ళగలరు. రెండోవాళ్ళు బేకరీ చూసుకోవాలి.

అక్కా తమ్ముడూ తలుపేసుకుని పోట్లాడుకున్నారు. తల్లికి బయటికి వినబడింది ఒక్కటే, "నేనొప్పుకోను." ఇద్దరి నోటా అదే మాట. చివరికి కారు రేసు ఆటలో తేల్చుకుంటామన్నారు. గెలిచినవాళ్ళు కాలేజీకి, ఓడినవాళ్ళు బేకరీకి. గెలిచాక మాట మార్చడానికి వీల్లేదని అక్క షరతు పెట్టింది. తమ్ముడు వెంటనే సరేనన్నాడు. అంపైరు మేనమామ.

మర్నాడే అక్క ఆయన షాపుకొచ్చి, మోడ్ పెట్టడం ఎలా అని అడిగింది. మోడ్ అంటే ఆటలో మనకు కావలసిన మార్పు చేసే చిన్న ఫైలు. ఆమె ఆట కొన్న ఆన్‌లైన్ స్టోరులో ఒక్క బటన్ నొక్కితే మోడ్ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆ సంగతి చెప్పాడు.

"పెట్టినట్టు పక్కవాళ్ళకి తెలుస్తుందా మావయ్యా?" అంది, కళ్ళు దించుకుని.

మేనమామ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

సాయంత్రానికి తమ్ముడు దిగాడు. వాడు అదే ఆటను ఇంకో స్టోరులో కొన్నాడు. అక్కడ ఫైలు తెచ్చి చేత్తో ఫోల్డరులో పెట్టుకోవాలి. ముందు ఆటకు కాపీ తీసి దాచుకోమని, ఆట తయారుచేసినవాళ్ళ పేజీ నుంచే మోడ్ తెచ్చుకోమని, వైరస్ లేదని తేలాకే తెరవమని మేనమామ పాఠం చెప్పాడు. వాడు అంతా బుద్ధిగా విని, చెవి గోక్కున్నాడు.

"పనయ్యాక ఆనవాలు లేకుండా తీసేయొచ్చా మావయ్యా?"

ఓరి మీ తెలివి తెల్లారా! ఒకే కడుపున పుట్టి ఒకరికొకరు గోతులు తవ్వుకుంటున్నారా అని ఆయన మనసు చివుక్కుమంది.

రేసు రోజు మధ్యాహ్నం బేకరీ మూసి, వెనక గదిలో పిండి బస్తాల పక్కన రెండు కంప్యూటర్లు పెట్టారు. మేనమామ ఇద్దర్నీ బయటికి పంపి తనిఖీకి దిగాడు. అనుకున్నంతా అయింది. ఇద్దరి దగ్గరా మోడ్ ఉంది. పైగా రెండూ ఒకటే: పెట్రోలు ట్యాంకు సైజు మార్చేది. రేసు సగానికి కాస్త ముందు అందరూ బంకు దగ్గర ఆగి పెట్రోలు నింపుకోవాలి. వీళ్ళకి ఇక ఆగే అవసరం ఉండదన్నమాట. వైరస్ లేదు, తెచ్చిన చోటూ మంచిదే. తను నేర్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. ఇంత తెలిశాక ఇంక లోపల ఏం రాశారో చూసే పనేముంది?

చెల్లెలితో చెప్పాడు. ఆవిడ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది.

"తీసెయ్ అన్నయ్యా. నా పిల్లల్ని ఇలా పెంచానా నేను?"

"ఉండనీ. ఇద్దరూ దొంగలే కాబట్టి పందెం సమానమే. అయ్యాక కడిగేస్తాను ఇద్దర్నీ."

రేసు మొదలైంది. అక్క ముందు, తమ్ముడు వెనకే. ఇద్దరి నుదుళ్ళకీ చెమటలు. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. బంకు రాగానే ఇద్దరూ బుద్ధిమంతుల్లా ఆగి పెట్రోలు నింపుకున్నారు. మనకి అనుమానం రాకుండా ఎంత నటనో చూశావా అన్నట్టు మేనమామ చెల్లెలి వైపు చూశాడు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

చివరి చుట్టులో, ముగింపు గీత అల్లంత దూరాన ఉండగా, ఎవరికి వాళ్ళు గుట్టుగా కుదించుకున్న ట్యాంకుల్లో చుక్క పెట్రోలు మిగలక, రెండు కార్లూ పక్కపక్కనే ఆగిపోయాయి.