వాటాదారులు ఎంతమంది?

ఒక్క ఇల్లు తక్కువ పడింది.

ప్రొఫెసర్ గొంతు పెంచలేదు. ఆవిడ ఎప్పుడూ పెంచదు. పోయినేడాది సర్వేలో జవాబిచ్చిన ఇళ్లే ఈ ఏడాదీ జవాబివ్వాలనీ, కొన్ని జారిపోయినా కనీసం ఇన్ని మిగలాలనీ మొదటే అనుకున్నాం కదా అంది. ఇప్పుడు ఆ కనీసానికి ఒకటి తగ్గింది. నెలాఖరుకు ఈ అధ్యాయం నిలబడకపోతే స్కాలర్‌షిప్ పొడిగించమని అడగడానికి తన దగ్గర కారణం ఉండదంది.

స్కాలర్‌షిప్ ఆగితే వీసా ఆగుతుంది. ఫైనాన్స్ పీహెచ్‌డీ సగంలో వదిలి, నయన స్కాట్లండ్ నుంచి పెట్టె సర్దుకోవాలి.

ఆమె పరిశోధన కర్ణాటకలోని పావగడ సోలార్ పార్కు మీద. భూమి అమ్మకుండా ఇరవై ఎనిమిదేళ్లకు కౌలుకిచ్చిన రైతుల ఇళ్లలో ఏం మారిందన్నది ప్రశ్న. సెమినార్లో ఆ ఊళ్ల పేర్లు తెరమీద పడితే, నోరు తిరగక అందరూ నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది. ఆమె పనిచేసే గదిలో ఇంకో ముగ్గురు విద్యార్థులు. ఎవరి చెవుల్లో హెడ్‌ఫోన్లు వారివి. సెలవులకు వాళ్లు ఊళ్లకు పోతే ఆమె అక్కడే ఉండేది. టికెట్టు ఖరీదు ఎక్కువని చెప్పేది.

నయన తరఫున పావగడ ఊళ్లలో ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగింది సవిత. అక్కడ టీచరు. ఆమెకు దొరకని ఇల్లు బలసముద్రంలో జయరామప్పది.

“ఆయప్ప నోరు తెరవడు మేడం,” అంది సవిత ఫోన్లో. “పోయినేడు సగం కొచ్చన్లకు తలకాయే ఊపినాడు. ఈ తూరి నన్ను చూస్తానే గొర్రెలు తోలుకొని పాయ. నంబర్ పంపిస్తా, మీరే అడిగి చూడండి.”

నంబరు వచ్చింది. నయన దాన్ని చాలాసేపు చూసింది. ఈ ఫోను తను చేయొచ్చా అని తనను తానే అడుక్కుంది. జవాబు చెప్పుకోకుండానే నొక్కింది.

స్కాట్లండ్‌లో ఇంకా తెల్లవారలేదు. కిటికీ అద్దం మీద మంచు. బలసముద్రంలో ఎండ నడినెత్తి దాటి ఉంటుంది.

ఎత్తాడు. గాలి హోరు. గొర్రెల మెడగంటలు.

ఆమె ముందు కాగితంలో ఉన్నది చదివింది. యూనివర్సిటీ నుంచి మాట్లాడుతున్నాం. మీ పేరు ఎక్కడా రాయం. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయొచ్చు.

అవతల గొర్రెలను అదిలించడం వినిపించింది.

“ఈ ఫోనుకు దుడ్డు ఎవురు కడతారు?”

“యూనివర్సిటీ.”

“అయితే నిదానంగా అడుగు.”

అడిగింది. భూమిలో ఇప్పుడేముందంటే అద్దాలన్నాడు. ముందు చెనక్కాయ పంట. ఇప్పుడు పనేంటంటే ఆ అద్దాల కింద గడ్డి పీకడం, రోజుకూలీకి. ఎవరి పొలంలో అంటే, ఒక్కోరోజు తన దాంట్లోనే అన్నాడు. గొర్రెలను కంచె లోపలికి పోనీయరనీ, తనను మాత్రం పోనిస్తారనీ అన్నాడు. నవ్వలేదు.

“కౌలుకిచ్చేటప్పుడు ఇంట్లో ఎవరైనా వద్దన్నారా?”

“ఒకరు.”

“ఏమని?”

“ఇన్నేండ్లకు రాసిస్తే మనకు మిగిలేది కాగితమే, భూమి కాదు అని. ఊరంతా సంతకాలు పెడతాంటే మా ఇంట్లోనే అడ్డమేందని నాకు కోపమొచ్చె. సంతకం పెట్టి గడప దిగు, మళ్లా ఎక్కొద్దు అంటి.”

తర్వాతి ప్రశ్న కాగితంలో లేదు. అయినా అడిగింది.

“పెట్టినారా?”

“పెట్టి దిగిరి.”

గాలి ఎక్కువైంది. నయన చివరి ప్రశ్నకు వచ్చింది.

“భూమిలో వాటాదారులు ఎంతమంది?”

పోయినేడాది జవాబు కంప్యూటర్లో పక్క గడిలోనే ఉంది. ఒకరు.

“ఇద్దరం,” అన్నాడు జయరామప్ప.

టైపు చేసింది. గడి ఎర్రబడింది. రెండేళ్ల జవాబులు కలవకపోతే కంప్యూటరు అలాగే చేస్తుంది, మళ్లీ అడగమని.

“పోయినేడు ఒకరే అని చెప్పినారు.”

“తప్పు చెప్పింటి. ఇద్దరం అని రాసుకో.”

“ఇంకొకరు ఎవరు?”

“అది నీ కాగితంలో ఉండాదా?”

“లేదు.”

“అయితే వద్దులే.”

గంటలు దూరమవుతున్నాయి. ఆమె చివర్న ఉన్న కృతజ్ఞతలు చదవబోయింది. అవి వినకుండా, రాసుకున్నావా అని అడిగాడు. రాసుకున్నానంది. ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి చెప్పింది. అప్పుడు పెట్టేశాడు.

ఏ జవాబు ఉంచాలో ఎంచుకోమంది కంప్యూటరు. నయన ఈ ఏడాదిది ఉంచింది. ఎరుపు పోయింది. ఇళ్ల సంఖ్య సరిపోయింది. అధ్యాయం నిలబడింది. ఫైలు పంపడమే తరువాయి. అందులో ఒక్క మాట కూడా ఆమె కల్పించలేదు. అయినా పంపకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తెల్లవారాక ప్రొఫెసర్ వచ్చి, కోటు విప్పకుండానే తలుపు దగ్గర ఆగింది. ఆ ఇల్లు దొరికిందా అని అడిగింది.

“దొరికింది, కానీ లెక్కలోంచి తీసేయాలి,” అంది నయన, “ఆయన మా అన్న, ఆ రెండో వాటాదారును నేనే.”