బరువు గేరు

“అయ్యా, మీరు దిగండి. మీరొక్కరే ఇద్దరి పెట్టు!” అంది గేర్లక్క.

బోటులో కూర్చున్నవాళ్లంతా గొల్లున నవ్వారు.

ఆ లావుపాటి పెద్దాయన మాత్రం కదల్లేదు. లైఫ్ జాకెట్ పట్టీ పొట్ట మీద కలవక తంటాలు పడుతున్నాడు.

“బోటు పరీక్షకు బరువుగా మనుషులు కావాలన్నారు కదమ్మా! నాకన్నా మంచి బరువు మీకెక్కడ దొరుకుతుంది?”

గేర్లక్కకు నవ్వాగలేదు. పట్టీ చివరిదాకా వదులు చేసి, తనే బిగించింది.

“సరే, కానివ్వండి. గట్టిగా పట్టుకుని కూర్చోండి.”

ఆ బోట్ల షెడ్డు ఆమెదే. ఊరంతా ఆమెను గేర్లక్క అనే పిలుస్తుంది. మరి పిలవరా? నిరుటి వరద దగ్గర్నుంచి ఆమెకు తిండీ నిద్రా అన్నీ గేరుబాక్సే.

ఆ వరదలో, కుండపోత వానలో, ఆమె తమ్ముడు కిక్కిరిసిన జెట్ బోటును ఏటికి ఎదురు నడిపాడు. అందులో గేర్లు లేవు. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే, నీళ్లను వెనక్కి చిమ్మే ఇంపెల్లర్ కూడా అంతే వేగంగా తిరిగేది. బరువు ఎక్కువయ్యేసరికి ఇంపెల్లర్‌కు నీళ్ల మీద పట్టు దొరక్క ఉత్త నురగ చిలికింది. ఇంజిన్ గోల పెట్టిందే తప్ప, బోటు ముందుకు పోలేదు. వంతెన స్తంభాల మీదికి జారసాగింది.

అప్పుడు వెనకనుంచి ఎవరో అన్నారు.

“నేను దిగుతా. నువ్వు పోనీయ్ నాయనా!”

అంటూనే నీళ్లలోకి దూకేశాడు. బోటు తేలికై కదిలింది. మిగతా అందరూ గట్టెక్కారు.

ఆ వానలో అతని ముఖం ఎవరూ చూడలేదు. ఏమయ్యాడో కూడా తెలియలేదు.

తమ్ముడు మాత్రం ఆ గొంతు మర్చిపోలేదు.

“ఈ గేర్ల బోటు కూడా బరువు లాగకపోతే నేనిక స్టీరింగ్ ముట్టనక్కా,” అన్నాడు ఈ పొద్దున.

“లాగుతుందిరా. చచ్చినట్టు లాగుతుంది!”

అనడమైతే అంది గానీ, గేరుబాక్సు మూత మళ్లీ ఒకసారి విప్పి చూసుకుంది.

ఇంజిన్‌కూ ఇంపెల్లర్‌కూ మధ్య ఆమె గేరుబాక్సు పెట్టింది. ఖాళీ బోటుకు వేగం గేరు, నిండు బోటుకు బరువు గేరు. రెండోది వేస్తే ఇంజిన్ జోరు తగ్గకుండానే ఇంపెల్లర్ నిదానించి, నీళ్లను గట్టిగా పట్టి తోస్తుంది. తొయ్యాలి మరి!

తమ్ముడు అప్పుడే షెడ్డులోంచి వచ్చి స్టీరింగ్ పట్టాడు. వేగం గేరులో బోటు బయల్దేరింది. ఏరు ఉరకలేసే చోటికి రాగానే ఇంపెల్లర్ మళ్లీ నురగ చిలకడం మొదలుపెట్టింది.

“గేరు మార్చరా!” అని కేకేసింది గేర్లక్క.

గేరు మారాలంటే ఒక్క క్షణం ఇంజిన్ జోరు తగ్గించాలి. తగ్గించగానే బోటు వెనక్కి జారింది.

పెద్దాయన చటుక్కున లేచాడు. ఒక కాలు అంచు మీద పెట్టాడు.

“కూర్చోండి! అంత పిరికివాళ్లు ఎందుకెక్కారండీ?” ఆమె ఆయన భుజం పట్టి లాగింది. “నా బోటులోంచి ఎవరూ దిగక్కర్లేదు!”

ఆయన ఆమె ముఖంలోకి చూసి, బుద్ధిగా కూర్చున్నాడు.

గేరు పడింది. ఇంజిన్ గొంతు మారింది. బోటు నిండు బరువుతో, ఒక్కరినీ వదలకుండా, ఏటికి ఎదురెక్కింది.

“అదీ! అలా పోవాలి!” గేర్లక్క ఎగిరి గంతేసింది.

ఒడ్డున ఈలలే ఈలలు. వరద సహాయక దళం అధికారి తానే వచ్చి ఆమెకు చేయందించాడు. ఇలాంటివే ఇంకా కావాలన్నాడు. ఆమె ఛాతీ ఉప్పొంగిపోయింది.

పెద్దాయన దిగుతూ, తాడు కడుతున్న తమ్ముడి వీపు తట్టాడు.

“ఈసారి నేను దిగాల్సిన పని లేకపోయింది. బాగా పోనిచ్చావు నాయనా!”

ఆ సందడిలో తమ్ముడు ఊరికే తలూపాడు. ఆయన నెమ్మదిగా గట్టెక్కి వెళ్లిపోయాడు.

“పాపం, పెద్దాయన బిక్కచచ్చిపోయాడు,” నవ్వింది గేర్లక్క. “దూకేయబోయాడు, చూశావా?”

తమ్ముడి చేతిలోంచి తాడు జారిపోయింది.

“అక్కా... ఆ గొంతు!”

ఇద్దరూ గట్టు మీదికి పరుగెత్తారు. రోడ్డు ఖాళీగా ఉంది. పట్టీ చివరిదాకా వదులు చేసిన లైఫ్ జాకెట్ ఒకటి అక్కడి రాయి మీద మడతపెట్టి ఉంది.

తమ్ముడు ఏడుస్తూ నవ్వుతున్నాడు.

పిరికివాడంటూ ఆమె లాగి కూర్చోబెట్టింది, ఆనాడు అందరూ బతకాలని బోటులోంచి దూకినవాణ్ణి.