గోడ చెప్పిన మాట

"ఇప్పుడైనా ఏమన్నా ఫీలయ్యావా?" నాలుగోసారి అడిగింది అరుంధతి.

"హాట్ లా, అమ్మా," అంది కీర్తిక, ఈ దేశపు పిల్లల యాసలో.

అరుంధతికి ఒళ్లు మండింది. ఆదివారం నిద్ర పాడుచేసుకుని, హౌగాంగ్‌లో ఇంటి నుంచి రెండు బస్సులు మారి వచ్చింది ఈ జవాబు కోసమా?

ఇది రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఖైదీల శిబిరం. ఇప్పుడు మ్యూజియం. దీని మీద కీర్తిక రాసిన ప్రాజెక్టును టీచరు తిప్పి పంపేసింది. సమాచారం నిండుగా ఉందట, పిల్ల మనసే ఎక్కడా లేదట. రేపు పొద్దున్నే మళ్లీ ఇవ్వాలి.

ఖైదీలు రాసిన ఉత్తరాలు చూపించింది అరుంధతి. చిల్లులు పడ్డ చెప్పులు చూపించింది. పిల్ల ఆవలించింది. తల్లికి ఏడుపొక్కటే తక్కువ.

చివరగా ఖైదీ గది. ఇరుకు, చీకటి.

"అమ్మా, బయట బోర్డు మీద ఏముందంటే, ఈ గది అసలుది కా..."

"బోర్డులు చదివింది చాలు. గోడ చూడవే, గోడ!"

లోపల అప్పటికే ఒకతను ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, కాయలు కాచిన చేతులు. కళ్లు మూసుకుని గోడకు చెవి ఆనించాడు. వేలి కణుపుతో మెల్లగా తట్టాడు. కాస్త జరిగి మళ్లీ తట్టాడు.

"ఓరి దేవుడో," అన్నాడు నీరసంగా.

మన తెలుగువాడే! అరుంధతి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే కోపమూ వచ్చింది.

"చూశావా? ఫీలవడమంటే అదీ!" గొంతు పెంచలేక పళ్లు కొరుకుతూ కూతురి మీద విరుచుకుపడింది. "ఎనభై ఏళ్ల కిందటి మనుషుల గోడు వింటున్నాడు. పెద్దగా చదువుకున్నట్టు కూడా లేడు. నీకు అన్నీ ఉండీ ఏదీ పట్టదు. పద, ఆ అంకుల్ చెప్పింది చెప్పినట్టు రాసుకో. అలాగైనా గట్టెక్కుతావు."

కీర్తిక విసుగ్గా నోట్‌బుక్కు తెరిచింది. అరుంధతి గొంతు సవరించుకుంది.

"ఏమండీ, ఈ గోడలోంచి మీకేం వినబడుతోంది?"

అతను ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అటూ ఇటూ చూసి, రహస్యంగా చెప్పాడు.

"ఎవరికీ చెప్పకండి మేడం, డొల్ల మోగుతుందండి... పోయిన నెల ఈ గోడకి ప్లాస్టరింగ్ చేసింది నేనేనండి."