ఐదో బల్ల

"టీచరు గారూ, మీరిలా నా చుట్టూ తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి!" అన్నారు తనిఖీకి వచ్చిన అధికారి.

నిజమే. ఆయన ఎటు కదిలితే ఆవిడ అటు వెళ్ళి ఎదురుగా నిలబడుతోంది. కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. ఎలా నిలుస్తాయి? 'పొగరు మనిషి, పిలిచినా పలకదు' అంటూ ఆవిడ మీద ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది. ఇవాళ ఈయన పాఠం బాగాలేదని రాశారంటే రేపట్నుంచి ఒకటో తరగతి ఇంకొకరిది. ఆవిడ రికార్డు గదిలో దుమ్ము దులుపుకోవాలి. ఇరవై ఆరేళ్ళు పిల్లల మధ్యే గడిపిన మనిషి!

ఇవాళ పాఠం పంచేంద్రియాలు; గదిలో ఒక్కోదానికి ఒకటి చొప్పున ఐదు బల్లలు. ముక్కు బల్ల మీద మూతలకు చిల్లులు పెట్టిన సీసాలు, వాటిలో నిమ్మతొక్క, సబ్బుముక్క, కాఫీపొడి. చర్మం బల్ల మీద సంచిలో దూది, గరుకు కాగితం. కంటి బల్ల మీద రంగు కాగితాలు. నాలుక బల్ల దగ్గర తోపులాట.

పిచ్చుక అని అందరూ పిలిచే పిల్ల పరుగెత్తుకొచ్చి టీచరు ఎదురుగా నిలబడింది. "టీచర్, వీడు పంచదార మూడుసార్లు రుచి చూశాడు!"

"మరి ఉప్పో?"

"ఒక్కసారే!"

అధికారి నవ్వారు. "అందరూ మీ ఎదుటికొచ్చే చెబుతున్నారే?"

"నా క్లాసులో అదే పద్ధతండీ. వెనకనుంచి అరిస్తే ఊరుకోను."

"మంచి అలవాటే." ఆయన పుస్తకంలో తలదూర్చి ఏదో గొణుక్కుంటూ రాశారు. ఏం రాశారోనని ఆవిడ మెడ సాచింది.

ఆయన ఐదో బల్ల దగ్గరికి నడిచారు. చెవి బల్ల. దాని మీద చప్పుడు చేసే రకరకాల వస్తువులు. "పిల్లలకేనా పరీక్ష? మీకూ పెడతాను. అటు తిరగండి. నేను దేంతో చప్పుడు చేశానో చెప్పాలి."

ఆవిడ ఒకడుగు వెనక్కి వేసింది. "నాకెందుకు లెండి..."

"టీచర్ కూడా ఆడాలి!" పిల్లలంతా ఎగిరారు.

తప్పలేదు. ఆయనకు వీపు పెట్టి, గోడవార కూర్చున్న పిల్లలవైపు తిరిగింది. వాళ్ళు కుదురుగా ఉంటేనా! ఒకడు బొటనవేలు నోట్లో పెట్టుకున్నాడు.

"స్టీలు గ్లాసు," అంది టీచరు.

ఇంకొకడు ఊరికే గాలిలో గుప్పిట తిప్పుతున్నాడు.

"తాళాల గుత్తి."

పిచ్చుక అయితే తన జడ కొస పట్టుకుని అటూ ఇటూ ఊపుతోంది. టీచరు నుదుటి చెమట తుడుచుకుంది.

"చేతిగంట!" అని గిర్రున వెనక్కి తిరిగింది.

"మూడుకి మూడూ కొట్టేశారు! మీ పిల్లలకే క్షణం కుదురు లేదు."

"ఆరేళ్ళ వాళ్ళండీ, మన్నించాలి."

ఆయన పుస్తకం ఆవిడ ముందు పెట్టారు. 'ఈ తరగతి ఈమె దగ్గరే ఉండాలి.' కింద సంతకం. నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

ఆవిడ కుర్చీలో కూలబడి, పమిటతో గ్లాసు తుడవడం మొదలుపెట్టింది. తలెత్తేసరికి పిల్లలంతా సంచులు తగిలించుకుని తలుపు దగ్గర ఉన్నారు.

"ఎక్కడికర్రా? ఇంకా బడి గంటే కొట్టలేదుగా!" అని కసిరింది.

బయట గంట గణగణ మోగుతూనే ఉంది. పిచ్చుక దగ్గరికొచ్చి, ఆవిడ కళ్ళముందు మళ్ళీ జడ కొస పట్టుకుని ఊపింది.