సమాధుల తోటలో రాప్ షూటింగు

"సమాధుల తోటలో డాన్సులేంటిరా?" అంటూ కృపారావు గేటుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆయన రేపల్లె చర్చి సంఘంలో పెద్ద, పైగా సమాధుల తోట కమిటీకి అధ్యక్షుడు. తోట నిండా పెరిగిన సర్కారు తుమ్మ కొట్టించాలని ఆ కమిటీ ఏటా టీలు తాగి తీర్మానం చేస్తుంది. తుమ్మ కూడా ఏటా పెరుగుతుంది.

"డాన్సు కాదండి, రాప్" అన్నాడు లూకా. "అమెరికాలో దెయ్యాల పండక్కి ఇట్టాగే సమాధుల మధ్య తీస్తారు. మనమూ తీసి కేబుల్లో వేయిద్దామండి."

ఊళ్లోకి కేబుల్ టీవీ వచ్చినప్పటి నుంచి కుర్రాళ్లందరికీ ఇదే పిచ్చి. లూకా వెనకాల గ్యాంగు నిలబడి ఉంది. నాన్నల వదులు ప్యాంట్లు, వెనక్కి తిప్పిన టోపీలు, అంద్రెయ మెడలో వాళ్లింటి కుక్క గొలుసు. టీవీలో చూసిన గుమ్మడికాయ దొరక్క, ఎవరో కడుతున్న ఇంటికి వేలాడదీసిన దిష్టి గుమ్మడికాయ ఎత్తుకొచ్చారు. కోరలూ మీసాలూ దానికి ముందే ఉన్నాయి. పెళ్లిళ్లకి వీడియో తీసే జార్జి తెనాలి నుంచి కెమెరా భుజాన వేసుకుని దిగాడు.

"ఆ పండగ మొన్ననే అయిపోయిందిగా?" అన్నాడు అంద్రెయ.

"అమెరికా నుంచి రేపల్లె రావడానికి రెండ్రోజులు పట్టదా?" అన్నాడు లూకా.

ఆ రోజు నవంబరు రెండు, సమాధుల పండగ. సాయంత్రం ఎవరివాళ్ల సమాధి దగ్గర వాళ్లు కొవ్వొత్తి వెలిగించుకోవాలి. లూకా నాయనమ్మ దానమ్మ మాత్రం కొన్నేళ్లుగా గేటు దగ్గరే వెలిగించి వచ్చేస్తోంది. మొగుడి సమాధి తుమ్మల్లో ఎక్కడో కూరుకుపోయింది. ఆమెకి చూపు మందగిస్తోంది. పూర్తిగా పోయేలోగా ఆ సిలువని ఒక్కసారి చేత్తో తడిమి చూసుకోవాలని ఆశ. పొద్దున ఆ మాటే అంటే, "షూటింగుంది నాయనమ్మా" అని లూకా టోపీ తిప్పుకుని వచ్చేశాడు. "తాత గుండెల మీద ఎగురుతావురా?" అని ఆమె కళ్లు తుడుచుకుంది.

"నేనొప్పుకోను" అన్నాడు కృపారావు.

"మీకూ వేషం ఉందండి" అన్నాడు జార్జి. "కోటు వేసుకుని దెయ్యాల్ని తరిమే పెద్దమనిషి. మీ మొహంలో కళ ఉందండి."

కృపారావు తోటని ఒకసారి చూసి, కెమెరాని రెండుసార్లు చూశాడు. ఇంటికెళ్లి పెళ్లినాటి కోటు తొడుక్కుని వచ్చాడు. బొత్తాలు పట్టలేదు.

షూటింగు మొదలైంది. లూకా చేతులు విదిలిస్తూ అందుకున్నాడు.

"దెయ్యం వచ్చె, దెయ్యం వచ్చె, రేపల్లె బండెక్కి దెయ్యం వచ్చె, టిక్కెట్టడిగితే కిందికి దూకె..."

"కట్" అన్నాడు జార్జి. "తుమ్మ అడ్డొస్తోంది."

గ్యాంగు గొడ్డళ్లు పట్టింది. కమిటీ పిలిస్తే జ్వరాలొచ్చే కుర్రాళ్లు తుమ్మని వేళ్లతో సహా పెకలించారు. సమాధులు మరీ మాసిపోయి కెమెరాకి ఆనడం లేదంటే సున్నం కొట్టారు.

"గోడ పక్క ఆ మూల కూడా తీయాలి. అసలు దెయ్యం కళంతా అక్కడే ఉంది" అని లూకా పట్టుబట్టాడు.

ఆ మూల పొద చాలా పెద్దది. "మీరు దాన్ని నరుక్కుంటూ రావాలండి" అన్నాడు జార్జి కృపారావుతో. ఆయన కోటు చంకలో చిరిగేదాకా నరికాడు. మొహం కెమెరా వైపే పెట్టి నరకడంతో సగం దెబ్బలు గాలికి పోయాయి.

"కెమెరాలో ఎర్ర లైటు వెలగట్లేదేంటన్నా?" అన్నాడు అంద్రెయ.

"ఎండలో కనపడదు. నువ్వు కొమ్మలు లాగు" అన్నాడు జార్జి.

పొద్దు వాలాక, ఆఖరి షాటుకి ప్రతి సమాధి మీదా కొవ్వొత్తి ఉండాలన్నాడు లూకా. వెలిగించారు. పండక్కి వచ్చిన జనం గేటు దగ్గరే ఆగిపోయి చూశారు. "మా కమిటీ తీర్మానమండి" అని కృపారావు చిరిగిన కోటు సర్దుకుంటూ అందరికీ చెప్పుకున్నాడు.

"ఏడీ ఆ వెధవ?" అనుకుంటూ దానమ్మ వచ్చింది. లూకా ఆమె చెయ్యి పట్టుకుని గోడ పక్క మూలకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. తడి ఆరని సున్నం మీద ఆమె వేళ్లు పేరు వెతుక్కున్నాయి. దొరికింది. సిలువని కావలించుకుని చాలాసేపు ఏడ్చింది.

"వీడి రాప్ పిచ్చి పాడుగాను, దాని పుణ్యమా అని నా మనిషి దొరికాడు" అంది.

"కేబుల్లో ఎప్పుడొస్తుందన్నా?" అని గ్యాంగు జార్జి చుట్టూ మూగింది. కబురు చేస్తానన్నాడు. వాళ్లు టోపీలు సర్దుకుంటూ, అప్పుడే ఊరంతా తమనే చూస్తున్నట్టు నడుచుకుంటూ వెళ్లిపోయారు. అందరూ వెళ్లాక లూకా టోపీ తీసి జేబులో కుక్కుకుని, కెమెరా పెట్టె సర్దడానికి వచ్చాడు.

జార్జి గొంతు తగ్గించి అన్నాడు.

"నువ్వు చెప్పినట్టే, కాసెట్టు పెట్టలేదు తమ్ముడూ."