ఒక బ్యాటరీ, రెండు కార్లు

కళ్లజోళ్ల ఏజెంటు కారులో, స్టీరింగు ముందు, హెచ్చరికగా ఎర్ర త్రికోణం వెలిగింది.

కిందటి వారం ఒకసారి వెలిగి ఆరిపోయింది. ఈసారి ఆరలేదు. కాస్త ఎత్తు ఎక్కాలంటే చాలు, బండి ముక్కుతూ మూలుగుతూ పోతోంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న హైబ్రిడ్ కారు అది. కొంత పెట్రోలు మీద, కొంత బ్యాటరీ మీద నడుస్తుంది. ఫ్రేముల పెట్టెలు వేసుకుని దుకాణం దుకాణం తిరిగి ఆర్డర్లు తెచ్చుకునే అతనికి ఆ కారే అన్నం పెడుతోంది.

బ్యాటరీ పాడైందని షోరూములో తేల్చి, కొత్తదాని ధర చెప్పారు.

"కారు అమ్మితే తప్ప ఆ బ్యాటరీ కొనలేం," అన్నాడు ఇంటికొచ్చి.

"కొన్నాక బ్యాటరీని చంకనెట్టుకుని నడిచి వెళ్దురుగాని," అంది భార్య. నవ్వింది గానీ ఆమెకీ దిగులుగానే ఉంది.

ఎవరో చెబితే, పాత కార్లు విప్పే షెడ్డుకి వెళ్లాడు.

"ముందువైపు గుద్దుకున్న బండొకటి నిన్ననే వచ్చింది సార్. మీ మోడలే. బ్యాటరీ ఉండే వెనకవైపు గీత కూడా పడలేదు, బంగారంలా ఉంది," అన్నాడు మెకానిక్. "కాకపోతే ఆయన మీకంటే ముందొచ్చారు."

స్టూలు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఉతికి ఉతికి వెలిసిపోయిన చొక్కా. బయట ఆయన కారూ అదే మోడలు.

"ఉన్నది ఒకటేనా?" ఏజెంటు నీరుగారిపోయాడు.

"ఒకటైతేనేం బాబూ, పంచుకుందాం," అన్నాడు పెద్దాయన. "లోపల చిన్న చిన్న సెల్స్ బోలెడుంటాయట. నా బండిలో పాడైనవి కొన్నే. నీదీ అంతేనేమో. మంచివి ఏరి ఇద్దరికీ వేయమందాం."

"వేస్తాను. కానీ పాతవీ వీటినీ కలిపితే ఎన్నాళ్లు నడుస్తుందో గ్యారంటీ ఇవ్వలేను," అన్నాడు మెకానిక్.

ఏజెంటుకి ఆ మాట చాలు.

"నాకు మొత్తం కావాలి. రోడ్డు మధ్యలో ఈ బండి ఆగితే నా సంసారమే ఆగిపోతుంది. మీకేం సార్, ఈ వయసులో ఓ రోజు షికారుకి వెళ్లకపోతే కొంపలేం మునగవు కదా!"

పెద్దాయన బయట ఉన్న తన కారు కేసి చూశాడు.

"సరేలే, సంసారం ఉన్నవాడివి. నువ్వే తీసుకో," అన్నాడు.

కానీ వెళ్లిపోలేదు. బ్యాటరీ మార్చడం అయ్యేదాకా అక్కడే కూర్చున్నాడు.

"బాబూ, నీ పాతదాంట్లోనూ బాగున్న సెల్స్ కొన్ని ఉంటాయి కదా. అవన్నా నాకిస్తావా? ఊరికే వద్దులే."

ఇస్తే పోయేదేమీ లేదు. ఎందుకో ఏజెంటుకి చెయ్యి రాలేదు.

"రేపు నాకే అవసరం పడొచ్చు సార్," అన్నాడు.

పాత బ్యాటరీని ఆపసోపాలు పడి మేడెక్కించి బాల్కనీలో ఓ మూల పెట్టాడు. భార్య దాని మీద పూలకుండీలు పేర్చింది.

ఎర్ర త్రికోణం మళ్లీ వెలగలేదు. పెద్దాయన సంగతి అతను మరిచిపోయాడు.

వానలు మొదలయ్యాక అతని చెల్లెలికి నెలలు నిండకుండానే కాన్పయింది. అరచేతిలో పట్టేంత ఆడపిల్ల. ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉంచారు. తల్లికి ఇంకా పాలు పడలేదు.

ఒకరోజు చెల్లెల్ని చూడ్డానికి వెళ్తుంటే, కింది అంతస్తులో ఓ వార్డులోంచి ఎవరో పిలిచారు.

"బాబూ!"

మంచం మీద ఆ పెద్దాయన. నడుం నుంచి తొడ దాకా కట్టు. ఏజెంటు పోల్చుకునేలోపే ఆయన నవ్వాడు.

"బండి బాగా నడుస్తోందా?"

ఆ మాటలో ఎత్తిపొడుపు ఏ కోశానా లేదు. అందుకే ఏజెంటుకి ఎటు చూడాలో తెలియలేదు.

"బాగానే ఉంది సార్. మీకేమైంది?"

"బస్సు దిగుతూ జారాను. తుంటి విరిగింది. ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నారు."

"మరి మీ కారు?"

"తుక్కు కింద ఇచ్చేశాను. ఎన్నాళ్లని ఇంటిముందు పెట్టుకుంటాను? పోన్లే, నీదన్నా తిరుగుతోంది."

'మా ఇంట్లో పాత బ్యాటరీ ఊరికే పడి ఉంది, తీసుకోండి' అన్న మాట ఏజెంటు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇప్పుడు అది వేయడానికి కారు లేదు. నడపడానికి ఆయన లేచే స్థితిలోనూ లేడు.

"మళ్లీ వస్తాను సార్," అని గబగబా మెట్లెక్కాడు.

పైన చెల్లెలు గాజుపెట్టె పక్కన కూర్చుని ఏడుస్తోంది.

"పొద్దుట్నించీ పాప కడుపులో ఏమీ లేదన్నయ్యా. డబ్బాపాలు పడితే కక్కేస్తోంది. ఇన్నాళ్లూ ఇక్కడ పట్టిన వేరే తల్లుల పాలు అయిపోయాయంట."

"అయిపోవడమేంటి? ఇంత ఆసుపత్రిలో చూసుకునేవాళ్లే లేరా?" అతను నర్సు మీదికి లేచాడు.

నర్సు కోప్పడలేదు.

"అవి కొనుక్కుంటే దొరికేవి కాదు సార్. పాలు ఎక్కువున్న తల్లులు తలా కాస్త తీసి ఇస్తారు. రోజూ వాళ్ల ఇళ్లకి వెళ్లి తెచ్చేది ఒకే ఒక్క పెద్దాయన. పైసా తీసుకోరు. కారు ఉన్నన్నాళ్లూ లోటు లేకుండా తెచ్చారు. అది పాడయ్యాక ఐసుపెట్టె భుజాన వేసుకుని బస్సులు మారుతూ వచ్చేవారు. దారిలో ఐసు కరిగిపోయి సగం పాలు పారబోసేవాళ్లం. అయినా ఆయన మానలేదు."

ఏజెంటు గాజుపెట్టె కేసి చూశాడు.

"ఎవరాయన?" అన్నాడు.

"పేరు నాకూ తెలీదు సార్, ఇక్కడ అందరం పాలతాత అంటాం. కిందే ఎముకల వార్డులో ఉన్నారు. పాపం చూడ్డానికి ఎవరూ రారు, వీలైతే ఒకసారి వెళ్లి పలకరించండి."