బుచ్చమ్మ తోట

"నువ్వు దిగు. నాకు గా పహిల్వానొక్కడు చాలు" అంటూ నర్సింహులును మేస్త్రీ కాలర్ పట్టుకుని ట్రాలీ ఆటోలోంచి కిందికి లాగాడు.

నర్సింహులు, మొగిలయ్య పనికి పోతే జోడీగానే పోతారని పంజాగుట్ట అడ్డా మీద కూలికి నిలబడే వాళ్లందరికీ తెలుసు. మొగిలయ్య ఒక్కడే ఇద్దరి బరువు మోస్తాడు. మోసింది ఎక్కడ దించాలో చెప్పడానికి మాత్రం పక్కన నర్సింహులు ఉండాలి. ఈ మేస్త్రీ అడ్డాకు కొత్త.

"మా అన్నను ముట్టకు" అన్నాడు మొగిలయ్య.

"ముడితే ఏం జేస్తవ్‌రా?" నర్సింహులు చెంప మీద మేస్త్రీ ఒక్కటిచ్చాడు.

మొగిలయ్య కొట్టను కూడా లేదు, పాపం. పక్కకు జరగమని ఒక్క తోపు తోశాడు. ఆ తోపుకే మేస్త్రీ వెళ్లి మెట్రో పిల్లరుకు తల కొట్టుకుని పడ్డాడు. మళ్లీ లేవలేదు.

నర్సింహులు మొగిలయ్య చెయ్యి పట్టుకుని పరుగో పరుగు. అమీర్‌పేట హాస్టళ్ల సందుల్లోకి వచ్చాక గానీ ఆగలేదు.

"అన్నా, ఆయన లేస్తడా?"

"లేస్తడు తియ్యి."

"మరి మనమెందుకు ఉరుకుతున్నం?"

నర్సింహులుకు ఏడుపొచ్చింది. ముందూ వెనకా ఎవరూ లేని బతుకులు ఇద్దరివీ. ఫుట్‌పాత్ మీద నడుం వాల్చినప్పుడల్లా వీడికి ఒకటే కథ చెప్పేవాడు. పటాన్‌చెరు అవతల బుచ్చమ్మ అనే ముసలామెకు సీతాఫలాల తోట ఉందనీ, మనిద్దరినీ కాపలా ఉండమందనీ, బర్రెను కడిగే పని నీదేననీ. తోటా లేదు, బుచ్చమ్మా లేదు. వాణ్ని నిద్రపుచ్చడానికి పుట్టించిన మాట అది. చెప్పీ చెప్పీ ఒక్కోసారి తనకే నిజమనిపించేది. ఇప్పుడు ఆ అబద్ధమే దిక్కయింది.

"మొగిలీ, బుచ్చమ్మ రమ్మన్నది. నువ్వు ముందుగాల బస్సెక్కి పో. నేను ఎనక వస్త."

"ఇద్దరం పోదం."

"ఇద్దరం పోతే పోలీసోళ్లు ఎంట వడ్తరు రా. వాళ్లకు ఒక్కడు దొరికితె చాలు, రెండోవాని జోలికి రారు."

మొగిలయ్య చాలాసేపు ఆలోచించాడు. వాడికి మూటలు మోయడం కంటే ఆలోచించడం కష్టం.

"ఒక్కడుంటే చాలా?"

"చాలు. నువ్వు ఫికర్ జెయ్యకు. తోటకు వొయినంక ఫోన్ జెయ్యి."

తప్పిపోతాడన్న భయంతో ఎప్పుడో జాతరలో వాడి ముంజేతి మీద తన నంబరు పచ్చబొట్టు పొడిపించి పెట్టాడు. దాన్ని మరోసారి తడిమి, వాణ్ని పటాన్‌చెరు బస్సెక్కించాడు. కిటికీలోంచి వాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

అడ్డాకు తిరిగొస్తే టీ బండి వజ్రమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "మేస్త్రీ పాణం వోయింది నర్సన్నా. తోసిందెవరని పోలీసోళ్లు అడుగుతున్నరు. మనోళ్లు ఎవ్వలు నోరిప్పలే. నువ్వు సుత ఏడికన్న పో."

నర్సింహులు ఎక్కడికీ పోదలచుకోలేదు. పిచ్చి మాలోకం, వాడు జైలుకు పోతే బతుకుతాడా? అక్కడ వాడికి తోట కథ ఎవరు చెబుతారు? తోసింది నేనేనని ఒప్పుకుంటే వాడి వెంట ఇక ఎవరూ పడరు. అలా అనుకున్నాక పోలీస్ స్టేషన్ వైపే నడిచాడు.

గేటు దాటుతుంటే ఫోన్ మోగింది. ఎవరిదో కొత్త నంబరు.

"అన్నా, నేను మొగిలిని. తోటకు వచ్చిన."

నర్సింహులు గేటు లోపలే ఆగిపోయాడు. లేని తోటకు వీడెట్లా చేరాడు?

"ఏ తోట రా?"

"మన తోటనే. బుచ్చమ్మ చల్ల వోసింది. బర్రె మస్తున్నది, నల్లగ. నువ్వు జెప్పినట్టే ఉన్నదన్నా అంత."

"మొగిలీ, నిజం చెప్పు. ఏడున్నవ్?"

"నువ్వు మాత్రం రాకు అన్నా. ఈడ ఒక్కడుంటే చాలట."

ఆ చివరి మాట నర్సింహులుకు ఒక చెవికి ఫోన్లోంచి, రెండో చెవికి ఎదురుగా ఉన్న స్టేషను కిటికీలోంచి వినపడింది.